పదకొండో మంచం బెల్లు

మా వదిన సంతకం చాలా చిన్నది. రెండక్షరాలు, కింద ఒక గీత. పెట్టడానికి అర నిమిషం కూడా పట్టదు. ఆ అర నిమిషం పని చెయ్యనన్నందుకే ఆవిణ్ణి ఆస్పత్రి స్టోర్లోంచి తీసి బట్టలుతికే విభాగంలో పడేశారు. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి. ఆవిడ గురించి చెప్పాలంటే సెల్లుల గురించి చెప్పాలి. తప్పదు. ఆ రెండింటినీ విడదీయడం కట్టుకున్న మా అన్నయ్యకే చేతకాలేదు.

సెల్లులంటే గోడ గడియారంలోనూ టీవీ రిమోట్లోనూ వేసే వేలెడంత సెల్లులే. అయిపోగానే పారేసేవి కావు, మళ్ళీ మళ్ళీ చార్జ్ చేసుకునేవి. ఆవిడ పనిచేసే ఆస్పత్రిలో అరవై నాలుగు మంచాలున్నాయి. ప్రతి మంచానికీ తలగడ పక్కన వైరు లేని ఒక బెల్లు. రోగి దాన్ని నొక్కితే నర్సుల బల్ల దగ్గర గంట మోగుతుంది, బోర్డు మీద ఆ మంచం నంబరు వెలుగుతుంది. ఒక్కో బెల్లులో రెండు సెల్లులు. అవన్నీ, వాటికి మారుగా ఉంచేవన్నీ స్టోర్ కీపరుగా మా వదిన చేతిమీదుగానే నడుస్తాయి. నర్సులు ఆవిణ్ణి చాటుగా 'చార్జింగమ్మ' అంటారు. చాటుగా అని వాళ్ళనుకుంటారు గానీ ఆవిడకి మొదటిరోజు నుంచీ తెలుసు.

నేను ఆవిడకి ఆడపడుచుని. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. ఆ సగం వాటాలో నేను చిటికెడు కూడా వదులుకోలేదు. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని దర్జీపని చేస్తాను. ఆస్పత్రి గౌన్లూ కర్టెన్లూ నేనే కుట్టి ఇస్తాను కాబట్టి అక్కడికి నా రాకపోకలకి లెక్కలేదు. ఇక్కడ చెప్పేవాటిలో కొన్ని నేను చూసినవి, మిగతావి చూసినవాళ్ళు నాకు చెప్పకుండా ఉండలేక చెప్పినవి.

ఎనిమిదేళ్ళ కిందట అదే ఆస్పత్రిలో నాకు అపెండిక్స్ ఆపరేషనయింది. ఆడవాళ్ళ వార్డు, పదకొండో మంచం. మా వదిన స్టోర్లో చేరి అప్పటికి మూడు నెలలే. రెండోరోజు మధ్యాహ్నం, చూడటానికి వచ్చినవాళ్ళందరినీ బయటికి పంపేశాక నాకు కళ్ళు తిరగడం మొదలైంది. బెల్లు నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఉన్న కోపమంతా బొటనవేల్లోకి తెచ్చుకుని నొక్కాను. ఒక్కరూ రాలేదు. అరవడానికి ఓపిక లేక లేచి నిలబడబోయాను, పడ్డాను, మంచం ఇనుప అంచు సరిగ్గా కుట్ల మీద తగిలింది. మళ్ళీ ఆపరేషను, చీము, ఆరు వారాలు మంచం. రెండోసారి కుట్టినవాడెవడో గానీ వాడి చేతికి సూదీ దారం ఇవ్వకూడదు. నా పొట్టమీద కుట్టు ఈ రోజుకీ వంకరే. దర్జీదాన్ని, ఆ మాట అనే హక్కు నాకుంది.

నాకు తెలివొచ్చేసరికి మా వదిన మంచం పక్కన నిలబడి ఉంది. బెల్లు విప్పి అందులోని సెల్లులు అరచేతిలో పెట్టుకుంది.

"ఇవి నేనే ఇచ్చాను," అంది. "చార్జ్ చేసినవేనని చీటీ చూసి ఇచ్చాను. చేసి రెండున్నర నెలలైందని చూళ్ళేదు. డ్రాయర్లో ఊరికే పడున్నా వీట్లో చార్జ్ కారిపోతుందని నాకు తెలీదు."

ఇంకొకరైతే ఆ మాట కడుపులో దాచుకునేవారు. అడిగినవాళ్ళు కూడా లేరు. ఆవిడ నా మొహమ్మీదే చెప్పింది. నేనేం తక్కువదాన్నా? రెండు నెలలు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ నాకు తల దువ్వింది, మందులేసింది, నేను గోడతో మాట్లాడినట్టు మా అన్నయ్య ద్వారా మాట్లాడాను. తరవాత ఒకరోజు ఆవిడ నా ఎర్ర గోళ్ళరంగు సీసా తీసుకుని సెల్లుల మీద నంబర్లు వేస్తూ కనిపించింది. "అది గోళ్ళకి వేసుకునేది!" అని అరిచాను. అలా మాటలు కలిశాయి.

అప్పటినుంచీ మా ఇల్లు ఇల్లు కాదు. దొరికిన ప్రతి రకం సెల్లునీ ఆవిడ ఇంటికి తెచ్చింది. పాతరకం, కొత్తరకం, అదే కంపెనీ నిరుడు చేసింది, ఈ ఏడు చేసింది. ఒకేలాంటి చిన్న టార్చిలైట్లు కొని, వాటిలో వేసి, భోజనాల బల్లమీద వరసగా వెలిగించి, పక్కన గడియారం పెట్టి ఏది ఎంతసేపు వెలిగిందో రాసేది. ఆదివారం ఉదయం ఎండ నట్టింట్లోకి వస్తుంటే బల్లమీద పన్నెండు టార్చిలు. మా అన్నయ్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు, నెమ్మదస్తుడు. "పట్టపగలు దీపాలు పెట్టుకున్న కొంప మనదొక్కటే," అని కంచం తీసుకుని వంటింట్లోకి పోయేవాడు.

ఆవిడ తేల్చిందేమిటంటే, సెల్లుకి రెండు గుణాలున్నాయి. పని చేసేటప్పుడు ఎంతసేపు ఓర్చుకుంటుందనేది ఒకటి. పనిలేకుండా కూర్చున్నప్పుడు ఎంత నిలబెట్టుకుంటుందనేది రెండోది. అందరూ మొదటిదే చూస్తారు, డబ్బామీద పెద్ద అంకె వేసేది దానికే. బెల్లుకి కావలసింది రెండోది. బెల్లు రోజుకి నాలుగుసార్లు మోగితే ఎక్కువ, మిగతా రోజంతా ఊరికే కూర్చుంటుంది. చివరికి తెల్ల తొడుగున్న ఒక రకం నిలబడింది. దానిమీద అంకె రెండువేలే. కానీ చార్జ్ చేసి ఆరు నెలలు బీరువాలో పెట్టి తీసినా ముప్పాతిక పైనే మిగిలి ఉండేది. ఆస్పత్రికి అదే తెప్పించింది. అంతటితో ఊరుకోకుండా స్టోర్ గోడమీద తన చేత్తో పెద్దక్షరాలతో ఒక రూలు రాసి అంటించింది: 'ప్రతి సోమవారం డ్రాయర్లో ఉన్న సెల్లులన్నీ చార్జ్ చేయాలి. ఎవరూ లేరని మానకూడదు.' ఎనిమిదేళ్ళలో ఒక్క బెల్లు మూగబోలేదు. మోగాల్సినది మోగితే ఎవరికీ గుర్తుండదు. ఆవిడ పని అలాంటిది.

ఇక టైగారి సంగతి. కొనుగోళ్ళు చూసే ఆఫీసరు కొత్తగా వచ్చాడు. మెడలో టై లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి ఆస్పత్రంతా ఆయన టైగారే. దొంగ కాడు, ఆ మాట నేను అనను. అంకె పెద్దదైతే వస్తువు మంచిదని మనసా వాచా నమ్మే మనిషి, అంతే. ఆయన ఒకరోజు మీటింగు గదిలో బంగారు తొడుగున్న సెల్లులు బల్లమీద పెట్టాడు. మీద రెండువేల ఏడువందలని అంకె. వాటినీ తెల్లవాటినీ అప్పుడే చార్జ్ చేసి, రెండు టార్చిలు వెలిగించాడు. తెల్లది ఆరు గంటలు వెలిగి ఆరిపోయింది. బంగారుది ఎనిమిది గంటలు వెలిగింది. సూపరింటెండెంటు తలాడించాడు. రెండు రకాలూ పోల్చి చూశామనీ కొత్తది మేలనీ ఒక కాగితం రాశారు. స్టోర్ కీపరు సంతకం ఒక్కటే మిగిలింది.

"ఇది టార్చికి పరీక్షండీ," అంది మా వదిన. "మన బెల్లు టార్చి కాదు. కూర్చోబెట్టి చూడండి."

"కూర్చోబెట్టడమేంటమ్మా? సెల్లుకి కుర్చీ వేస్తారా?" అన్నాడు టైగారు. గదిలో అందరూ నవ్వారు.

"నవ్వండి. నాకు ముప్ఫై రోజులివ్వండి."

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు, తొందరమనిషి. నెలాఖరుదాకా ఆగుతానన్నాడు. ఆవిడ బంగారువి పన్నెండు, తెల్లవి పన్నెండు తీసుకుంది. నా గోళ్ళరంగుతో నంబర్లేసింది. అన్నిటినీ ఒకేరోజు నిండా చార్జ్ చేసి, ఒక అట్టపెట్టెలో పెట్టి, మూతమీద కాగితం అంటించి, దానిమీద తేదీ వేసి, స్టోర్ డ్రాయర్లో పెట్టింది. ముప్ఫై రోజులు దాని జోలికి పోలేదు. ఇంట్లో మాత్రం అదే ధ్యాస. వేలిమీద రోజులు లెక్కపెట్టుకునేది. "పురుడు కూడా ఇంతగా లెక్కపెట్టి ఉండవు," అన్నాను నేను. "పురుడైతే దానంతటదే వస్తుంది," అంది.

ముప్ఫయ్యో రోజు నేను గౌన్ల మూట దింపడానికి వెళ్ళి మీటింగు గది గుమ్మంలో నిలబడ్డాను. అందరి ముందూ ఆవిడ పెట్టె తెరిచింది. టార్చిలు వెలిగించారు. సాయంత్రానికి లెక్క తేలింది. తెల్లది ఆరు గంటలు. బంగారుది ఎనిమిది గంటలు.

టైగారు చప్పట్లు కొట్టలేదు గానీ, టై సవరించుకున్న తీరులో ఆ చప్పుడంతా వినిపించింది. సూపరింటెండెంటు కాగితం ముందుకు తోశాడు. మా వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు నేల చీలితే బావుండుననిపించింది. ఆవిడ కోసం అనిపించిందో, ఎనిమిదేళ్ళు ఆవిడ మాట నమ్మిన నా కోసమో నాకే తెలీలేదు.

ఆవిడ కలం తీసుకుంది. మూత తీసింది. మళ్ళీ పెట్టేసింది.

"ఆరు గంటలు ఎలా వచ్చింది?" అంది.

"ఎలా వస్తే ఏంటమ్మా, వచ్చిందిగా!" అన్నాడు టైగారు.

"తెల్లది కూడా కాస్త తగ్గాలండీ. కొంచెమే అయినా తగ్గాలి. మొదటిరోజు ఆరంటే ఆరు, ఇవాళా ఆరంటే ఆరు. నెలరోజులు కూర్చుని ఒక్క చుక్క కూడా తగ్గని సెల్లు లోకంలో లేదు." అట్టపెట్టె మూత ఎత్తి వెలుతుర్లో పెట్టి చూసింది. అంటించిన కాగితం అంచున జిగురు ఇంకా తెల్లగా ఉంది. "దీన్ని ఎవరో తెరిచారు. నిన్న సోమవారం నేను జ్వరమొచ్చి రాలేదు. ఆరోజు స్టోర్లో ఎవరున్నారు?"

ఆరోజు ఆవిడ బదులు స్టోర్లో ఉన్నది ఆడవాళ్ళ వార్డు ఆయా. కబురుపెడితే చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తప్పు చేసినట్టు కాదు, మెచ్చుకోడానికి పిలిచారనుకుంటూ వచ్చింది.

"అవునమ్మా, నేనే చార్జ్ చేశాను. సోమవారం కదా. డ్రాయర్లో ఉన్నవన్నీ చార్జ్ చెయ్యాలి, ఎవరూ లేరని మానకూడదు అని గోడమీద మీరే రాశారు. ఆ పెట్టెలోవి కూడా ఒక్కటి వదల్లేదు. కాగితం మళ్ళీ నీటుగా అంటించి, తేదీ కూడా మీరేసినట్టే వేశాను."

గది గదంతా గొల్లున నవ్వింది. ఆయా ఎందుకు నవ్వుతున్నారో తెలీక తనూ కొంచెం నవ్వింది. తన రూలు తన పరీక్షకే ఎసరుపెట్టిందని మా వదినకి అర్థమైంది. నేనైతే ఆ ఆయాని అక్కడే కడిగేసేదాన్ని. మా వదిన మాత్రం, "మంచి పని చేశావు. రూలు ప్రకారమే చేశావు. తప్పు రాసినదానిది," అంది.

టైగారు ఆ సందు వదల్లేదు. "అయితే ఇంకేం! సోమవారం సోమవారం చార్జ్ చేస్తే బంగారుది బ్రహ్మాండంగా పనిచేస్తోందిగా. మీ రూలే గెలిపించింది. సంతకం పెట్టండి."

"డ్రాయర్లో ఉన్నవాటిని చార్జ్ చేస్తానండీ. బెల్లుల్లో ఉన్నవాటిని ఎవరు చేస్తారు? తుంటి విరిగిన మనిషి రెండు నెలలు అదే మంచంమీద ఉంటుంది. ఆ బెల్లు రెండు నెలలు అక్కడే కూర్చుంటుంది. వారం వారం అరవై నాలుగు బెల్లులు విప్పడానికి వార్డుకి ఇద్దరు ఆయాలు కూడా లేరు. ఇంకో ముప్ఫై రోజులివ్వండి."

"ఇచ్చాను. అయిపోయాయి," అన్నాడు సూపరింటెండెంటు. "సంతకం పెట్టు, లేదా తాళాలిచ్చెయ్యి. బట్టల విభాగంలో మనిషి కావాలని అడుగుతున్నారు."

"బట్టలు ఉతికించడం నాకొచ్చండీ," అంది మా వదిన. "చూడనిది చూశానని రాయడమే రాదు. ఒకసారి చీటీ చూసి నమ్మాను. ఆ మనిషి అదిగో, గుమ్మంలో నిలబడి ఉంది."

అందరూ తిరిగి నావైపు చూశారు. గౌన్ల మూట ఎత్తి పొట్టకి అడ్డం పెట్టుకున్నాను.

తాళాలు అప్పజెప్పడానికి ఒక్కరోజు గడువిచ్చారు. ఇంకొకరైతే ఆ రోజంతా శాపనార్థాలు పెడుతూ కూర్చునేవారు. నేనైతే పొయ్యి దగ్గర అంట్లన్నీ విసిరికొట్టేదాన్ని. ఆవిడ పొద్దున్నే వెళ్ళి, వాళ్ళు చెప్పినట్టే, టైగారు ముందే తెప్పించి ఉంచిన బంగారు సెల్లులన్నీ నిండా చార్జ్ చేసి, తనే అరవై నాలుగు బెల్లుల్లోనూ వేసింది. ఒక్కో బెల్లుమీద ఆనాటి తేదీ చీటీ అంటించింది. అంటిస్తూ ప్రతి రోగికీ ఒక మాట చెప్పింది.

"పొద్దున ఏడింటికి టీబండి వస్తుందిగా. టీ చేతికి రాగానే ఒకసారి బెల్లు నొక్కండి. మోగితే టీ తాగండి. మోగకపోతే టీ పక్కన పెట్టి అరవండి."

"రోజూనా?" అని అడిగారొకరు.

"టీ రోజూ తాగరూ?"

మర్నాడు ఆవిడ తువ్వాళ్ళ గుట్టల మధ్య నిలబడి దుప్పట్లు లెక్కపెట్టుకుంటోంది. సరిగ్గా ఏడింటికి నాలుగు వార్డుల్లో అరవై నాలుగు బెల్లులు ఒకదాని వెనక ఒకటి మోగాయట. నర్సుల బోర్డు మొత్తం వెలిగిపోయింది. హెడ్ నర్సు ఆస్పత్రికి నిప్పంటుకుందనుకుని పరిగెత్తుకొచ్చింది. సంగతి తెలిశాక పట్టరాని కోపంతో బట్టల విభాగానికి దిగివచ్చింది.

"నువ్వు వెళ్ళిపోతూ పోతూ నాకు పెట్టిన చిచ్చా ఇది?"

"మీకు పెట్టలేదు, టీబండికి ముడిపెట్టాను," అంది మా వదిన తల ఎత్తకుండా. "మీ బోర్డు ఎలాగూ వెలుగుతోంది కదా, వెలగని నంబరుంటే ఓ పక్కన రాసిపెట్టండి. పుణ్యముంటుంది."

హెడ్ నర్సు గొణుక్కుంటూ వెళ్ళింది. గొణుక్కుంటూనే రాసిపెట్టింది.

టైగారు ఊరుకోలేదు. అవసరం లేకుండా బెల్లు నొక్కరాదని ప్రతి వార్డులో ఒక నోటీసు అంటించాడు. ఆడవాళ్ళ వార్డు పదకొండో మంచంమీద అప్పుడు ఒకావిడుంది. ముప్ఫయ్యేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి, తుంటి విరిగి పడుకుంది. విరగనిది గొంతొకటే. నోటీసు చదివి టైగారిని పిలిపించింది.

"నాయనా, బెల్లు నా తలగడ దగ్గరుంది. తుంటి నాది. అవసరం ఎప్పుడో నీకెలా తెలుస్తుంది? నా బస్సులో మూడు స్టాపులకోసారి బ్రేకు చూసుకోకపోతే డ్రైవర్ని దింపేసేదాన్ని. నువ్వు ఆ బస్సెక్కలేదు కాబట్టి బతికిపోయావు."

నోటీసు గోడమీదే ఉంది. బెల్లులూ ఏడింటికి మోగుతూనే ఉన్నాయి. కండక్టరమ్మ తలగడ కింద తన పాత విజిల్ పెట్టుకుంది. "మోగకపోతే అరవమందిగా ఆవిడ. నేను అరిస్తే పక్కవాళ్ళకి గుండాగిపోతుంది, దీంతో సరిపెడతా," అంది.

రెండు వారాలు ఏమీ కాలేదు. ఆ రెండు వారాలు మా ఇంట్లో ఎలా గడిచాయో చెప్పను. వదిన చేతులు బట్టల సోడాకి పగిలిపోయాయి. మా అన్నయ్య ఒకసారి, "సంతకం పెట్టేస్తే పోయేదిగా," అని నోరు జారాడు. మనిషి నెమ్మదస్తుడే, బాధ చూడలేక అన్నాడు. నేనే లేచాను. "పెట్టేస్తే పోయేది నీ చెల్లెలు! ఆరు వారాలు నాకు పథ్యం వండింది నువ్వా?" ఆవిడ ఇద్దర్నీ చూసి, "అర్ధమొగుడే నయం," అంది.

పదిహేడోరోజు పొద్దున మగవాళ్ళ వార్డులో నలభయ్యో మంచం మోగలేదు. "నాది మోగలేదూ!" అని ఆయన వేసిన కేకకి టీబండి ఆగిపోయింది. ఆయా సెల్లులు మార్చింది. పందొమ్మిదోరోజు నాలుగు. ఇరవై ఒకటోరోజు తొమ్మిది. ఆడవాళ్ళ వార్డు ఆయా రోజూ పొద్దున్నే హెడ్ నర్సు రాసిన చీటీ పట్టుకుని బట్టల విభాగానికి పరిగెత్తేది. పరీక్ష పాడుచేసింది తనేనని ఆలస్యంగా అర్థమై, ఆ బాధ కాళ్ళతో తీర్చుకుంటోంది. మా వదిన చీటీ చూసి మడిచి జేబులో పెట్టుకునేది. ఒక్కరోజు కూడా, "చూశారా," అనలేదు. నేనైతే ఊరంతా దండోరా వేయించేదాన్ని.

ఇరవై మూడోరోజు హెడ్ నర్సు తనంతట తనే సూపరింటెండెంటుని ఏడింటికి ముందు ఆడవాళ్ళ వార్డుకి పిలిచింది. వెంట టైగారు వచ్చాడు. టీబండి వచ్చింది. పదహారు మంచాలవాళ్ళూ టీ పక్కన పెట్టి బెల్లు నొక్కారు. మోగినవి అయిదు. ఆ అయిదూ ఆగిపోయాక వార్డు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే పదకొండు బొటనవేళ్ళు ఇంకా ఉత్తినే నొక్కుతున్న టకటకలు వినిపించాయట. అప్పుడు కండక్టరమ్మ విజిల్ ఊదింది.

"సరిగ్గా నొక్కట్లేదేమో," అన్నాడు టైగారు.

సూపరింటెండెంటు పదకొండో మంచం దగ్గరకెళ్ళి ఆవిడ చేతిలోంచి బెల్లు తీసుకుని తనే నొక్కాడు. బోర్డు వంక చూశాడు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి రెండు బొటనవేళ్ళూ పెట్టి నొక్కాడు.

"ఎంత నొక్కినా అంతే బాబూ," అంది కండక్టరమ్మ. "పైన పటారం, లోన లొటారం."

ఆయన దాన్ని చేతిలో అలాగే పట్టుకుని మా వదినకి కబురు పంపాడు. ఆవిడ తడి చేతులు తుడుచుకుని, ఉన్న దుప్పట్ల లెక్క పూర్తిచేసి, అప్పుడు వచ్చింది.

"ఇప్పుడేమంటావు?" అన్నాడాయన.

"మొదటిరోజు అన్నదే అంటాను."

"తెల్లవి మళ్ళీ తెప్పిస్తాను. కాగితం మళ్ళీ రాసిస్తారు, సంతకం పెట్టు. స్టోర్ తాళాలు తీసుకో."

"పెట్టనండీ," అంది. నవ్వుతూ కాదు. "ఈసారి మీరు పెట్టండి. చూసింది మీరు, నొక్కింది మీరు. నేను బట్టల విభాగంలో ఉన్నాను. కింద సాక్షిగా కావాలంటే ఈ ఆయా పెడుతుంది, ఇరవై మూడు రోజులూ లెక్క మోసింది తనే. ఇంకోటి. గోడమీద నా రూలు చించేసి కొత్తది రాస్తాను. పొద్దున టీకి బెల్లు నొక్కడం అందులో ఉంటుంది. ఆ నోటీసు తీసేయించండి."

ఆయన టైగారి వంక చూశాడు. టైగారు తనే వెళ్ళి నోటీసు పీకాడు. నాలుగు మూలలా గట్టిగా అంటించుకున్నాడేమో, ముక్కలు ముక్కలుగా వచ్చింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ నాపచేను పండినరోజు నేను అక్కడ లేకపోవడం నా దురదృష్టం.

తెల్ల సెల్లులు వచ్చినరోజు వదిన ఇంటికొచ్చి, "ఆడపడుచుగారూ, రేపు పొద్దున్న ఏడింటికి నాతో రావాలి," అంది. అలా పిలిచిందంటే వెక్కిరింతో పనో ఏదో ఒకటి ఉంటుంది. గౌన్ల కొలతల కోసమనుకుని టేపు మెడలో వేసుకుని వెళ్ళాను.

నన్ను వార్డు గుమ్మంలో వదిలేసి ఆవిడ ఎటో వెళ్ళిపోయింది. టీబండి వచ్చింది. పదకొండో మంచంమీదనుంచి కండక్టరమ్మ నన్ను పిలిచి బెల్లు నా చేతిలో పెట్టింది.

"పాత పదకొండో మంచం నువ్వేనటగా. ఇవాళ నా వంతు నీది. కానివ్వు."

ఆ మంచం దగ్గర నేను ఎనిమిదేళ్ళుగా నిలబడలేదు. గౌన్లు తెచ్చినప్పుడు కూడా పదో మంచం దగ్గరే ఆగి అక్కణ్ణుంచి అందించేదాన్ని. ఈ సంగతి ఎవరికీ తెలీదనుకున్నాను. బొటనవేలు బెల్లుమీద పెట్టాను గానీ నొక్కబుద్ధి కాలేదు. మోగకపోతే? రెండో చెయ్యి దానంతటదే వంకర కుట్టు మీదికి పోయింది. కండక్టరమ్మ తన టీ చూసుకుంది. కళ్ళు మూసుకుని నొక్కాను.

గంట మోగింది. గుమ్మంలోంచి చూస్తే బోర్డుమీద పదకొండు వెలిగింది. నడవా అటు చివరనుంచి మా వదిన పరిగెత్తుకొస్తోంది. ఏభై రెండేళ్ళు ఆవిడకి, మోకాళ్ళ నొప్పులు, జేబులో స్టోర్ తాళాల గుత్తి గలగలలాడుతోంది. పరీక్షకే నొక్కానని ఆవిడకి తెలుసు, నన్ను వెంటబెట్టుకొచ్చింది ఆవిడే. అయినా పరిగెత్తుకొచ్చి, మంచం పక్కన నిలబడి, ఆయాసపడుతూ ప్రతి రోగినీ అడిగినట్టే అడిగింది.

"ఏం కావాలమ్మా?"

మెడలో టేపు సవరించుకున్నాను.

"ఏం వద్దు వదినా," అన్నాను. "మోగుతుందో లేదో చూశానంతే."

"మోగిందా?"

"మోగింది."

ఆవిడ నా చేతిలోంచి బెల్లు తీసుకుని, తలగడ పక్కన సర్ది, అటు తిరిగి మొహం తుడుచుకుంది. పన్నెండో మంచంవాళ్ళు అప్పటికే నొక్కుతున్నారు.